చెల్లెలి పేరున అక్క ఛాతీ

రాతిపలకలు కోసే కార్ఖానా గేటు ముందు మేనేజరు ఒక ఎక్సరే ఫిలింను ఎండకు ఎత్తిపట్టాడు.

"చూడండి! పోయినేడు తీసిందే. ఛాతీ అద్దంలా ఉంది. మా దుమ్ముతో జబ్బు వచ్చిందని ఎట్లా అంటారు?"

ఆ ఫిలిం మీద పేరు చెల్లెలిది. పద్దెనిమిదేళ్లు కోత మిషను మీద పనిచేసిన మనిషి. గేటు పక్క బల్ల మీద కూర్చుని ఊపిరి కోసం వెతుక్కుంటోంది. ఆమె వైద్యం కార్ఖానాయే చేయించాలని వందమంది పని ఆపి వచ్చారు.

గుంపు వెనక నిలబడ్డ అక్క ఆ ఫిలిం వంకే చూస్తోంది. ఆమె కార్ఖానా వంటగదిలో గిన్నెలు తోముతుంది. ఆ ఛాతీ ఆమెది.

ఏటా ఎక్సరే బండి వస్తుంది. మచ్చ కనబడితే పని ఊడుతుంది. అందుకే దగ్గు ముదిరినవాళ్లు తమ బదులు గట్టివాళ్లను నిలబెడతారు. "ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టవే అక్కా" అని చెల్లెలు బతిమాలితే, మూడేళ్లు బిగబట్టింది.

"దుమ్ముకు గట్టిపడిన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ భయం ఎక్కువమ్మా" అంది మొన్న చెల్లెల్ని చూసిన పెద్దాసుపత్రి డాక్టరమ్మ. "ముందే చూసుంటే గడ్డ చిన్నగా దొరికేదేమో. ఇప్పుడు కోసి తీద్దామంటే, మిగిలిన ఊపిరి చాలదు."

"అది నా ఫిలిం!" అరిచింది అక్క.

"నోరు ముయ్యవే! పట్టుకుపోతారు" అంది చెల్లెలు.

"పోనీ. నిన్ను చేతులారా సాగనంపుతున్నదాన్ని, నేనెక్కడికి పోతే ఏం?"

"మోసం ఒప్పుకుంది. పోలీసుల్ని పిలవండి" అన్నాడు మేనేజరు.

సానపట్టే బట్టతలాయన ముందుకొచ్చాడు. "అయితే నన్నూ రాసుకోండి. నా ఫిలిం మా వదినది."

"ఆడదాని ఛాతీ అని కూడా పోల్చుకోలేదా మీ డాక్టరు?" అని మేనేజరును అడిగింది గుంపులో ఒకామె.

"చూస్తేగా!" అన్నాడు బట్టతలాయన.

నవ్వులు లేచాయి, దగ్గుల్లోకి దిగాయి. ఒకరి తర్వాత ఒకరు చెప్పేశారు: నాది మా బావమరిదిది, నాది పాలవాడిది. "మచ్చ ఉంటే మందివ్వాలి. గెంటేస్తుంటే దొంగ ఛాతీ తెచ్చుకోక ఏం చేస్తాం?"

జీపు వచ్చింది. అక్కను ఎక్కించారు. నిజం చెబితే గుండె తేలికవుతుందనుకుంది. కాలేదు. చెల్లెలి ముఖం చూడలేక తల దించుకుంది.

జీపు మాత్రం కదలలేదు. దాని ముందు వందమంది బారు తీరారు.

"ఎక్సరే బండి రప్పించండి! ఎవరి ఛాతీ వాళ్లే చూపిస్తాం. ఒక్కరిని తీసేసినా మిషను తిరగదు!"

చెల్లెలు బల్ల పట్టుకుని లేచింది. నలుగురు తప్పుకుని దారిచ్చారు. బారులో అందరికంటే ముందు నిలబడి, మూడుసార్లు ఆగి ఆగి అంది:

"ముందు... నాది... తియ్యండి."