కనపడని చెంపదెబ్బ

సెన్సారు వాళ్ళ పరిశీలన గదికి ఒక్కటే తలుపు. సినిమా అయిపోయింది. దీపాలు వేసి సభ్యులంతా ఆమె వైపు తిరిగారు. ఆ సినిమా తీసింది ఆమే. అందులో నటించిన పదేళ్ళ కూతురు బయట బల్ల మీద ఉంది. సర్టిఫికెట్ రాని సినిమా పిల్లలు చూడకూడదన్నారు మరి.

"పెద్దలకు మాత్రమే," అన్నాడు అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఆ చెంపదెబ్బల సీను ఉంది చూశారూ..."

"దెబ్బ ఎక్కడా కనపడదండీ. మూసిన తలుపు, దాని ముందు పిల్ల మొహం. అంతే."

"వినపడుతోంది కదమ్మా."

"పొద్దున అందరూ చూడొచ్చని మీరు పంపించిన దాంట్లో హీరో జనాన్ని ఊచకోత కోశాడట!"

"అది సరదా కొట్లాట. అందులో ఎవరికీ నొప్పి పుట్టదు. మీ దాంట్లో పుడుతోంది."

"పోనీ, శబ్దం తీసేస్తే?"

"లాభం లేదు. ఆ మొహం చూస్తే తెలిసిపోతోంది. మొహం తీసేయండి, అందరికీ ఇచ్చేస్తాం."

ఆమెకు నవ్వు గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. సినిమా మొత్తంలో కూతురున్నది ఆ ఒక్క సీనులోనే. ఉంచితే కూతుర్ని హాల్లోకి రానివ్వరు. తీసేస్తే రానిస్తారు, తెర మీద కూతురుండదు. క్లాసంతా టాంటాం వేసుకుంది పిచ్చిది, మొదటి ఆటకే అందర్నీ తీసుకెళ్తానని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెంటిలోకీ తొంగిచూస్తే ఒకే మొహం కనిపిస్తోంది.

చిన్నప్పుడు ఇంట్లో అలాంటి తలుపు బయటే తను నిలబడినప్పుడు, నీ వయసెంత అని ఎవరూ అడగలేదు.

తల ఊపుతున్నానని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఒప్పుకోవడం ఆ మెడకు పాత అలవాటు. గబుక్కున లేచి వెళ్ళి తలుపు తీసింది.

కూతురు బల్ల మీద లేదు. తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉంది. చూపు ఒకేచోట నిలిపి, కింది పెదవి లోపలికి లాక్కుని. షూటింగులో ఎంతో బతిమాలి తెప్పించిన మొహం, ఇప్పుడు అడక్కుండానే వచ్చింది.

"అన్నీ వినపడ్డాయి," అంది పిల్ల. "నేనున్నానా అమ్మా?"

"తీసేస్తున్నట్టేనా అమ్మా?" అన్నాడు వెనకనుంచి అధ్యక్షుడు.

ఇద్దరి పిలుపూ ఒకటే. ఆమె ద్వారబంధం పట్టుకుంది.

"తీయనండీ."

"అంటే నన్ను రానివ్వరా?"

"పద్దెనిమిదేళ్ళు నిండాలి," అంది ఆమె.

పిల్ల ముక్కు ఎగబీల్చి ఆలోచించింది. "అప్పటికి నా మొహం మారిపోదూ? అది నేనేనంటే ఎవరు నమ్ముతారే?"

లోపల తర్వాతి సినిమాకు దీపాలు ఆరిపోయాయి.

"కాస్త ఇటో అటో జరగండమ్మా," అన్నారెవరో చీకట్లోంచి. "తలుపు వేసుకోవాలి."