శనివారం పేపరు

మా నాన్న అథోల్ ముప్పై ఏళ్లు అడవిలో చెట్లు కోశాడు. రంపం మిషను అదురుకు ఆయన వేళ్లు పాడయ్యాయి. చలి తగిలితే చాలు, కొసల నుంచి తెల్లబడి మొద్దుబారిపోతాయి. దానికి మందు లేదు, వెచ్చగా ఉంచుకోవడమొక్కటే దారి అన్నాడు డాక్టరు.

అలాంటి మనిషి ఏటా జూలైలో, మా దేశంలో నడి చలికాలంలో, మోటార్‌సైకిల్ మీద మా ఊరు డెలోరైన్ నుంచి కొండెక్కి, గ్రేట్ లేక్ ఒడ్డున జరిగే బైకుల వాళ్ల చలికాలపు క్యాంపుకు వెళ్తాడు. కిందటేడు ఒక మలుపులో బ్రేకు మీద వేళ్ల పట్టు తెలియక కంచెలోకి దూసుకెళ్లాడు. క్యాంపుకు చేరాక హెల్మెట్ పట్టీ విప్పుకోలేక గడ్డం పైకెత్తి నిలబడితే, స్నేహితుడు నెవ్ చంటిపిల్లాడికి విప్పినట్టు విప్పాడట. అది విని అమ్మ ఒకటే మాట అంది.

"వచ్చేసారి పట్టీ నీ చేత్తో నువ్వు విప్పుకోలేకపోతే బండి తాళం నెవ్‌కి ఇచ్చేసి రా. ఇక బండెక్కొద్దు."

నాన్న సరే అన్నాడు. ఒప్పుకున్న మాట ఆయన తప్పడు.

మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. చదివింది కరెంటు చదువు. ఉద్యోగంలో చేరగానే నాన్నకు బండి బ్యాటరీతో వేడెక్కే జాకెట్టు, దాని చేతులకు తగిలించుకునే గ్లౌజులు కొన్నాను. నాన్నది పాత బండి. అది ఎంత కరెంటు పుట్టిస్తుంది, లైటుకు ఎంత పోతుంది, జాకెట్టుకు ఎంత మిగులుతుంది, అన్నీ కాగితం మీద లెక్కగట్టాను. స్విచ్చికి మూడు మెట్లున్నాయి. ఒకటో మెట్టు మీద నడిపితే ఏ ఇబ్బందీ లేదు.

బయల్దేరే రోజు పొద్దున నెవ్ మా గేటు ముందు బండి ఆపి, నాన్నను ఎగాదిగా చూశాడు.

"ఏరా అథోల్, మంచం మీది కరెంటు దుప్పటి చుట్టుకొచ్చావా?"

"నీకు కుళ్లురా. మా అమ్మాయి జోడీ కొనిచ్చింది."

ముగ్గురం మూడు బండ్ల మీద కొండెక్కాం. దారి పక్కన మంచు పేరుకుని ఉంది. దారిలో పైన్ లేక్ అనే చెరువు దాటాక నాన్న బండి లైటు మసకబారింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"స్విచ్చి ఎన్నో మెట్టులో పెట్టావు నాన్నా?"

"మూడులో. అయినా చలేస్తోందే అమ్మాయ్. ఇందులో వేడెక్కడుంది?"

గ్లౌజు లాగి చూశాను. వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. నాన్న వాటిని చంకల్లో దాచుకుని, నెవ్ వైపు చూడకుండా, "తాళం బండికే ఉంది, తీసుకోరా," అన్నాడు.

నా లెక్క తప్పిందా? పైకోటు తెరిచి జాకెట్టు మీద చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది. దాని జిప్పు కిందికి లాగితే లోపల ఏదో గరగరలాడింది. పొరలు పొరలుగా మడిచిన శనివారం పేపరు! జాకెట్టు వైపు వెచ్చగా ఉంది. నాన్న చొక్కా వైపు చల్లగా ఉంది.

"ఇదెందుకు పెట్టావు?"

"పేపరు లేకుండా కొండెక్కుతారటే ఎవరన్నా? నలభై ఏళ్లుగా పెడుతున్నా."

"ఇంటి దగ్గర చెప్పలేదేం?"

"చెబితే తీసెయ్యమంటావని."

నెవ్ పకపకా నవ్వి తన కోటు తెరిచి చూపించాడు. "నాకూ ఉందమ్మా. శనివారందైతేనే మందంగా ఉంటుంది."

నాకు నవ్వు రాలేదు. బండి సంగతి పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. నువ్వు కోటు కింద ఏం వేసుకుంటావని నాన్నను ఒక్క మాట అడగలేదు. పేపరు జాకెట్టు వేడిని ఆయన ఒంటికి చేరనివ్వలేదు. ఆయన స్విచ్చి పెంచుతూ పోయాడు. బ్యాటరీ తరుగుతూ వచ్చింది, దాంతో గాలికి ఎదురుగా ఉన్న గ్లౌజులు ముందు చల్లారాయి, చివరికి ఇంజనూ ఆగింది.

"పారెయ్యక్కర్లేదు నాన్నా. జాకెట్టు ఒంటికి ఆనాలి, పేపరు దాని మీద పెట్టు, ఆపైన కోటు. గాలిని అది ఆపుతుంది, వేడి ఇదిస్తుంది."

"అంతేనా?"

"అంతే. స్విచ్చి మాత్రం ఒకటి దాటించకు. గేరు తగ్గించి ఇంజన్‌ను కాస్త గట్టిగా తిప్పు, అప్పుడు కరెంటు ఎక్కువ పుడుతుంది."

నెవ్ తన బ్యాటరీ నుంచి వైర్లు కలిపి బండి స్టార్ట్ చేశాడు. నాన్న వేళ్లకు ఎరుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాం. తాళం ఊసు ఎవరూ ఎత్తలేదు.

పొద్దుండగానే క్యాంపు చేరాం. ఇనప పీపాలో మంట, చుట్టూ జనం. నాన్న బండి దిగగానే నెవ్ అలవాటుగా గడ్డం కిందికి చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యరా."

నాన్న గ్లౌజులు విప్పి పట్టీ అందుకున్నాడు. ఒకసారి జారింది. రెండోసారి కొస దొరికింది, రింగుల్లోంచి మెల్లగా బయటికొచ్చింది. హెల్మెట్ నా చేతిలో పెట్టి, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి పేపరు బయటికి లాగాడు.

"ఫుట్‌బాల్ పేజీ ఇంకా చదవలేదు," అంటూ మంట పక్కన కూర్చున్నాడు.