ఈశాన్యం మూల ఒకటో నంబరు ఇల్లు

పడవ గోదారి నడిమధ్యకు రాగానే ఇంజను ఆగిపోయింది. దానంతటదే ఆగిందో, పడవవాడు ఆపాడో వీరవేణికి తెలియలేదు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోను మోగింది.

తెలియని నంబరు. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

"లైఫ్ జాకెట్ ఏసుకోలేదేంటండి మేడం గారూ?" అంది ఒక మగ గొంతు, ఎంతో మర్యాదగా. "ఈత వచ్చాండి తమకి?"

ఆమె చటుక్కున వెనక్కి చూసింది. ముక్తేశ్వరం రేవులో, తాను స్కూటీ పెట్టిన చోట, తెల్లచొక్కా మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. చుట్టాన్ని చూసినట్టు చెయ్యి ఊపాడు.

"మీ బండికి రెండు టైర్లలోనూ గాలి తీసేసేమండి. వెనక్కి వచ్చేయండి, ఆటో మేమే మాట్లాడి పెడతాం. నాలుగింటికి సంతకం పెట్టేసుకుంటే మీ దారి మీది, మా దారి మాది. ఆయ్."

ఫోను పెట్టేశాడు. నీళ్ళు పడవ పక్కన బుడబుడమంటున్నాయి. పడవ నడిపే కొండబాబు, యాభై దాటిన మనిషి, చుక్కాని పట్టుకుని ఎటో చూస్తున్నాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడటం లేదు.

వీరవేణికి ఈత రాదు. పక్కనున్న గొడుగును గట్టిగా పట్టుకుంది.

అమలాపురంలో గృహ గణాంక విభాగంలో ఆమె అధికారిణి. పదకొండేళ్ళుగా ఒకటే పని. ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయి, వాటిలో ఎన్ని బ్యాంకుల్లో తనఖాలో ఉన్నాయి అని మూడు నెలలకోసారి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి సరిచూడటం. ఆ ఉద్యోగంలో ఆమెకు ఇంతవరకూ ఎదురైన అతి పెద్ద ప్రమాదం సర్వర్ పని చేయకపోవడం.

పోయిన వారం జాబితాలో గోదారి మధ్య దీవి సూరయ్య లంక పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. జాబితాలో ఇళ్ళు నూట పద్దెనిమిది. తనఖాలో ఉన్నవి నూట పన్నెండు. మామూలుగా ఏ ఊళ్ళోనూ నూటికి పది ఇళ్ళు కూడా తనఖాలో ఉండవు. అనుమానం వచ్చి కరెంటు మీటర్లు ఎన్నని కనుక్కుంది. ఇరవై తొమ్మిది. లేని ఇళ్ళ మీద ఎవరో కోట్లు అప్పు తీశారు.

ఆమె ఆ సంగతి పై అధికారులకు రాసింది. మర్నాడే పోలీసులు సాల్మన్ను పట్టుకుపోయారు. ఇరవై ఆరేళ్ళవాడు, సర్వేకు కాంట్రాక్టు మీద తీసుకున్న కుర్రాడు. దొంగ జాబితా కంప్యూటర్లోకి ఎక్కింది అతని పేరు మీదే. ఆ ఊరి సర్వే చేసింది సాల్మనే అని ఈ రోజు నాలుగింటికి జాయింట్ కలెక్టర్ గారి గదిలో వీరవేణి నివేదిక మీద సంతకం పెడితే చాలు, ఈ సాయంత్రమే అతణ్ణి జైలుకు పంపుతారు. సాల్మన్ తల్లి మార్తమ్మ రెండు రోజులుగా కలెక్టరేటులోని ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ఉంది. ఏడవలేదు, బతిమాలలేదు. ఒకే ఒక్క మాట చెప్పింది. "మావోడికి నీళ్ళంటే బయ్యమండి. పుట్టి బుద్ధెరిగి పడవెక్కలేదు."

పడవెక్కనివాడు లంకలో ఇళ్ళెలా లెక్కపెట్టాడు? అది కళ్ళారా చూద్దామనే వీరవేణి బయలుదేరింది. ఆఫీసులో గౌరీశంకరం గారికి మాత్రం చెప్పింది. ఆయన ఆమెకు పని నేర్పిన గురువు. రిటైరయ్యాక కూడా సలహాదారుగా అదే ఆఫీసులో కూర్చుంటున్నారు. ఎందుకమ్మా శ్రమ, సంతకం పెట్టేసి ఊరుకో అన్నారు. ఆమె వినకపోయేసరికి ఎండ మండిపోతోందని తన గొడుగు చేతిలో పెట్టి పంపించారు.

"ఇంజను బాగు చెయ్యవా కొండబాబూ?"

అతను మొహం అటు తిప్పుకున్నాడు. ఒడ్డున తెల్లచొక్కా ఇంకా అక్కడే ఉన్నాడు. అరిచినా ఎవరికీ వినిపించనంత దూరం. కదలకుండా కూర్చుంటే భయం ఇంకా పెరుగుతోంది. చేతులకేదో పని ఉండాలని సంచిలోంచి లంక ఇళ్ళ, తనఖాల జాబితా, దానితో పాటు ఉన్న ఊరి పటం జిరాక్సు తీసింది. గాలికి ఎగరబోతున్న కాగితాన్ని మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి మొదటి వరుస చదివింది. మళ్ళీ చదివింది.

"మీ నాన్నగారి పేరేంటి?"

"త్రిమూర్తులండి." మొదటిసారి ఆమె వైపు చూశాడు. "దేనికండి?"

"ఒకటో నంబరు ఇల్లు. పెంకుటిల్లు. యజమాని కొండబాబు, తండ్రి త్రిమూర్తులు. మీ ఇంటి మీద పదహారు లక్షల అప్పుంది."

కొండబాబు చుక్కాని వదిలేశాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు. తాను జన్మలో బ్యాంకు మెట్లెక్కలేదనీ, ఇల్లు ఆరేళ్ళ కిందట వరదకి ఒడ్డు కోసుకుపోయినప్పుడే గోదారిలో కలిసిందనీ, లంకలో అన్నిటికంటే ముందు పోయింది ఈశాన్యం మూలన ఉన్న తమ ఇల్లేననీ, తన తర్వాత ఎనభై పైచిలుకు కుటుంబాలు ఒడ్డు దాటి వెళ్ళిపోయాయనీ చెప్పాడు. చివరికి ఆమె కూర్చున్న బల్ల వైపు చెయ్యి చూపించాడు.

"మీరు కూర్చున్నది మా ఇంటి తలుపేనండి. అదొక్కటే దక్కింది."

వీరవేణి లేచి, తూలి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెక్కను తిరగేసింది. అడుగు వైపు నీలం రంగు పెచ్చులు లేచినా అక్షరాలు తెలుస్తున్నాయి. పైన శ్రీ. దాని కింద ఒకటి. దాని కింద 2014.

ఆ నంబరు రాసినాయన గుర్తున్నాడా అని అడిగింది. ఎందుకు లేడండి, మర్యాదస్తుడు, ఈశాన్యం మూల నుంచి మొదలెడితే ఊరికి మంచిదని మా ఇంటికే ఒకటో నంబరు ఇచ్చేరు, మా ఆడాళ్ళు ఇచ్చిన మజ్జిగ తాగేరు అన్నాడు కొండబాబు.

ఆమె పటం చూసింది. ఒకటో నంబరు ఈశాన్యం మూలనే ఉంది.

శాఖ నియమం అది కాదు. ఎక్కడైనా సరే, వాయవ్యం మూల నుంచే నంబర్లు మొదలెట్టాలి. సాల్మన్ గీసిన పటాలు నలభై ఆమె స్వయంగా తనిఖీ చేసింది. ప్రతిదీ వాయవ్యం నుంచే మొదలైంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో గీసిన మొదటి పటం మాత్రం ఈశాన్యం నుంచి మొదలై, తప్పని పై ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. అలా గియ్యమని నేర్పినాయన ఆ రోజు నవ్వి, పైవాళ్ళకి వాస్తు తెలీదులేమ్మా అన్నారు.

ఇది పాత పటం. గోదారి మింగకముందు ఊరు. తేదీ మార్చి, పేరు మార్చి, సాల్మన్ పేరు మీద ఎక్కించారు. 2014లో సాల్మన్ పదో తరగతి.

ఆమె కాగితాలు సంచిలో పెట్టేసింది.

"కొండబాబూ, ఇంజను ఆపమన్నదెవరు?"

అతను తల దించుకున్నాడు. "ఆ ఒడ్డునున్నోడేనండి. ఐదొందలిచ్చేడు. మధ్యలో ఆపితే బెదిరిపోయి ఎనక్కి తిరుగుతారన్నాడు. ముంచమంటే నేనొప్పుకుందునాండి?"

"పడవెక్కింది నేనేనని నీకెలా తెలుసు?"

"గొడుగండి," అన్నాడు కొండబాబు. "నల్ల గొడుగు, తెల్ల మాసిక ఉంటది, అది పట్టుకుని ఎవరొస్తే ఆవిడేనన్నాడండి."

వీరవేణి చేతిలోని గొడుగును చూసింది. ఇంతసేపూ ధైర్యం కోసం పట్టుకున్నది దాన్నే. తెల్లదారంతో చక్కగా కుట్టిన మాసిక, అరచెయ్యంత. పట్టుకున్న చెయ్యి దానంతటదే వదిలేసింది.

 కొండబాబు ఇంజను తాడు ఒక్క లాగు లాగాడు. పడవ రేవు వైపు కాకుండా దిగువకు తిరిగింది. ఒడ్డున తెల్లచొక్కా మనిషి పరుగెత్తడం, బైకు ఎక్కడం కనిపించింది. లంక మూల దాటేటప్పుడు కొండబాబు వేలు చాపి తన ఇల్లు చూపించాడు. అక్కడ సుడి తిరుగుతున్న ఎర్రనీళ్ళు తప్ప ఏమీ లేవు.

నాలుగు మైళ్ళ దిగువన కొబ్బరితోటల మధ్య పడవ ఆపి, తలుపు చెక్క భుజానికెత్తుకుని, కొండబాబే ఆటోను పిలిచాడు. దారంతా వెనక బైకు చప్పుడైనప్పుడల్లా వీరవేణి సంచిని గుండెకు హత్తుకుంది. రెండుసార్లు ఫోను మోగింది. ఎత్తలేదు. మూడోసారి మెసేజి వచ్చింది. "దారి జాగ్రత్తండి."

జాయింట్ కలెక్టర్ గారి గదికి చేరేసరికి నాలుగూ పది. పోలీసు అధికారి ఒక పక్క, సాల్మన్ ఒక మూల. కుర్రాడి పెదవి చిట్లి ఉంది. నివేదిక బల్ల మీద తెరిచి ఉంది. దాని పక్క కుర్చీలో గౌరీశంకరం గారు. ఆమెను చూడగానే లేచి, తన కుర్చీ జరిపి ఇచ్చారు.

"ఎండలో అలిసిపోయేవమ్మా. మజ్జిగ తెప్పించనా?" అంటూ కలం మూత తీసి ఆమె చేతిలో పెట్టారు. వంగినప్పుడు ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నారు. "సంతకం పెట్టు తల్లీ. రోజూ అదే దారిలో వెళ్ళాలి నువ్వు."

ఫోన్లో విన్న గొంతు కంటే ఈ గొంతు మెత్తగా ఉంది. అందుకే ఎక్కువ భయమేసింది. పదకొండేళ్ళు ఈయన కాళ్ళకు దణ్ణం పెట్టి దసరా మొదలెట్టింది. ఇప్పుడీ గది దాటాక తనకు ఏమవుతుందో ఆమెకు తెలియదు.

మూలనున్న సాల్మన్ ఆమెనే చూస్తున్నాడు. కిటికీలోంచి మెట్ల మీద మార్తమ్మ తల కనిపిస్తోంది.

వీరవేణి కలం కింద పెట్టింది. గొడుగు తీసి నివేదిక మీద పెట్టింది. కొండబాబు తలుపు చెక్కను గోడకు ఆనించాడు. నీలం రంగు ఒకటి గదిలో అందరికీ కనిపించింది. కొండబాబు గౌరీశంకరం గారిని గుర్తుపట్టి దణ్ణం పెట్టాడు; ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఈశాన్యం, వాయవ్యం, తలుపు మీది సంవత్సరం, గొడుగు మాసిక. ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. జాయింట్ కలెక్టర్ గారు అంతా విని, పటాన్నీ తలుపునూ మార్చి మార్చి చూసి, ఇలా గీసేది మీ ఆఫీసులో ఎవరని అడిగారు.

సంచిలో ఫోను మళ్ళీ మోగడం మొదలెట్టింది. ఆమె దాన్ని మోగనిచ్చింది.

"ఈయనేనండి," అంది. "నాకు పని నేర్పిన గౌరీశంకరం గారు."