చెప్పాల్సిన మొదటి మాట

జనగామ స్టేషన్ రోడ్డులో వీరేశం సేటు కిరాణం దుకాణం తెలియనివారు ఆ చుట్టుపక్కల ఉండరు. చేతులు చింతపండు పొట్లం కడుతున్నా ఆయన నోరు మాత్రం ఊరుకోదు. తెలంగాణ వస్తుందా రాదా అన్న దగ్గర మొదలుపెట్టి, వానల మీదుగా పోయి, చివరికి తన బిడ్డ నిఖిత దగ్గర ఆగుతాడు.

"మా నిఖిత డాక్టర్. హన్మకొండల నర్సింగ్ హోంల చేస్తది" అంటాడు.

కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ ముద్దును తప్పుపట్టేందుకు మనమెవరం? కానీ అయ్యలారా, అమ్మలారా, ఆ ముద్దులో చిన్న అబద్ధం ఒకటి కలిసి ఉంది. నిఖిత డాక్టరు కాదు. డాక్టరు పక్కన ఉండి పనిచేసే ఫిజీషియన్ అసిస్టెంటు. రోగి ముందుగా తన బాధ చెప్పుకునేది ఆమెకే. ఎప్పటినుంచి, ఎక్కడ, ఎట్లా అని ఓపికగా అడిగి, బీపీ చూసి, నాడి చూసి, కాగితం మీద రాసి డాక్టరు ముందు పెడుతుంది. ఆపరేషన్‌లో ఎదురుగా నిలబడి సాయం చేస్తుంది. కుట్లు విప్పుతుంది. ఇంత చేసినా నర్సింగ్ హోంలో కొందరు ఆమెను సిస్టర్ అని పిలుస్తారు, కొందరు కాంపౌండరమ్మ అంటారు. ఇంటి దగ్గరేమో డాక్టరమ్మ. ఆమె చేసే పని పేరుతో ఆమెను పిలిచే మనిషి ఒక్కరూ లేరు.

ఒకనాడు పొద్దున్నే పసుపు కోసం వచ్చిన బుచ్చమ్మ, దుకాణం మెట్టు మీద కాలు చాపి కూర్చుంది.

"డాక్టరమ్మా, జర ఈ మోకాలు సూడు బిడ్డా. నీ చెయ్యి తాకితే సగం నొప్పి పోతది" అంది.

నిఖిత చూసింది, చెప్పాల్సింది చెప్పింది. నేను డాక్టరును కాదు అవ్వా అని మాత్రం చెప్పలేదు. తండ్రి తక్కెడ పట్టుకుని మురిసిపోతూ చూస్తుంటే ఆ మాట గొంతు దాటి రాలేదు. నాలుగేళ్లుగా అంతే. రోజూ పనికి పోతూ పుష్‌పుల్ రైలు ఎక్కేటప్పుడు ఆమెకు ఒకటే అనిపించేది. అటు నర్సింగ్ హోంలోనూ సొంత పేరు లేదు, ఇటు ఇంట్లోనూ లేదు. దసరా దాటితే ఈ పని మానేసి ఏ బడిలోనో పంతులమ్మగా చేరిపోవాలని గట్టిగా అనుకుంది.

ఈ సంగతి ఆమె చెప్పుకున్నది ఒక్క సౌమ్యకే. సౌమ్యది నెల్లికుదురు. తండ్రి వెంకట్రాంకు ఎవుసం ఉంది, పాత జీపు ఒకటి ఉంది. సౌమ్య కూడా అసిస్టెంటే, మానుకోటలో ఒక దవాఖానలో చేస్తుంది.

"మానేస్తే మానేద్దువు గానీ, ఒక్కసారి మా సంఘం మీటింగుకు రా. మనసోంటోళ్లు ఇంకా ఉన్నరని నీకు తెల్వదు" అంది సౌమ్య.

నెలనెలా రెండో ఆదివారం కాజీపేటలో ఒక టైలరు దుకాణం మీది గదిలో ఆ సంఘం కూడుతుంది. జనగామ నుంచి భూపాలపల్లి దాకా, అప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలో డాక్టర్ల పక్కన పనిచేసే పద్నాలుగు మంది. పెద్ద దిక్కు చిట్యాల సాంబయ్య. ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాడు. ఆ గదిలో ఎవరూ ఎవరినీ నువ్వేం చదివావని అడగలేదు. ఈ నెల ఏం చూశావు, ఏం నేర్చావు, ఎక్కడ తడబడ్డావు అని అడిగారు. ఒకామె ఆపరేషన్‌లో చేయి వణికిన సంగతి చెప్తే మిగతావాళ్లు తమ వణుకుల కథలు చెప్పి నవ్వించారు. తన కష్టం చెప్పకముందే తెలిసినవాళ్లు ఇంతమంది ఉన్నారా అని నిఖితకు కళ్లు చెమర్చాయి.

ఆ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. సంఘం నడిపే ఉచిత శిబిరంలో రోగి చేయి పట్టుకునే ముందు ఎవరైనా సరే ఒక మాట చెప్పి తీరాలి. సాంబయ్య దాన్ని 'మొదటి మాట' అనేవాడు.

"నేను డాక్టర్‌ను కాదు, అసిస్టెంటును. నాకు తెలిసింది చూస్త, తెల్వంది దాయ. గింతే. గిది చెప్పినంకనే నాడి పట్టాలె" అన్నాడు. ఆ కట్టుబాటు ఎందుకొచ్చిందో కూడా దాచలేదు. "నేను పనిల చేరిన కొత్తల మా ఊళ్లె ఒక ముసలాయన నన్నే డాక్టర్ అనుకొని మూడు రోజులు నా దగ్గర్నే కూసున్నడు. నాకు ఆ పిలుపు తియ్యగుండె, ఊకున్న. నాలుగోనాడు ఆయన లేడు. గా తీపి ఇప్పటికీ నా నోట్లె చేదే."

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు మూతబడ్డాయి. ఊరూరా రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. దారులు బందై జనం దవాఖానకు పోలేకపోతున్నారు గనుక, వంటావార్పు జరిగే చోటనే శిబిరం పెట్టి కూర్చుందామని సంఘం తీర్మానించింది. ముందుగా స్టేషన్ ఘన్‌పూర్.

ఆ ఆదివారం వరంగల్ రోడ్డుకు అడ్డంగా ఎనిమిది పొయ్యిలు వెలిగాయి. డప్పులు, పాటలు, పప్పు ఉడికే వాసన. పక్కనే టెంటు కింద నాలుగు బల్లలు వేసుకుని అసిస్టెంట్లు కూర్చున్నారు. సౌమ్యనూ మందుల డబ్బాలనూ వెంకట్రాం తన జీపులో తోలుకొచ్చాడు. ఇక బియ్యం, పప్పు బస్తాలు తెచ్చిందెవరనుకున్నారు? జనగామ వర్తకుల తరఫున మన వీరేశం సేటే! తెచ్చినవాడు తెచ్చినట్టు పోతాడా, పోడు. టెంటుకు పది అడుగుల దూరంలో పప్పు ఉడికే గుండిగ దగ్గర గంటె పట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవారికల్లా చెప్తున్నాడు.

"అగో, చివరి బల్ల కాడ కూసున్నది మా బిడ్డనే. డాక్టర్!"

నిఖితకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. మొదటి రోగి వచ్చాడు. మొదటి మాట నోటిదాకా వచ్చింది, తండ్రి ముఖం కనబడింది, మింగేసింది. రెండో రోగికీ అంతే. ఇరవై మందిని చూసింది, ఒక్కరికీ ఆ మాట చెప్పలేదు. పక్క బల్ల దగ్గర సాంబయ్య ప్రతి మనిషికీ విసుగు లేకుండా అదే మాట చెప్తుంటే ఆమె చెవులు కాలాయి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తండా నుంచి కమ్లీ వచ్చింది. ఎనిమిదో నెల కడుపు. వెంట అత్త. కమ్లీకి రెండు రోజులుగా తల పగిలిపోతోందట, చూపు మసకబారుతోందట. ముఖం ఉబ్బింది, కాళ్ల మీద వేలు పెడితే గుంట పడుతోంది. నిఖిత బీపీ చూసింది. నమ్మలేక రెండో చేతికి పట్టీ కట్టి మళ్లీ చూసింది. నూట డెబ్బై మీద నూట పది. ఇట్లాంటి గర్భిణులను నర్సింగ్ హోంలో ఆమె ఎందరినో చూసింది. ఏ క్షణాన ఫిట్స్ వస్తాయో తెలియదు. వస్తే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ గండమే.

"అవ్వా, ఆలస్యం చెయ్యొద్దు. వరంగల్ పెద్ద దవాఖానకు ఇప్పుడే తీస్కపోవాలె."

కమ్లీ అత్త కదల్లేదు. "వరంగల్ ఎందుకు బిడ్డా? డాక్టర్‌వు నువ్వే ఉంటివి. ఒక సూది ఎయ్యి. నీడకు పండుకుంటది, నయమైతది. బస్సుల్లేవు, బండ్లు లేవు, నేనెట్ల తీస్కపోను?"

"నా దగ్గర దీనికి మందు లేదవ్వా."

"డాక్టర్ దగ్గర మందు లేకుంట ఉంటదా?"

గుండిగ దగ్గరి నుంచి వీరేశం ధైర్యం చెప్పాడు. "పరేషాన్ కాకు అవ్వా. మా బిడ్డ హస్తవాసి మంచిది!"

"ఇన్నవా?" అంది ముసలామె సంబరంగా. కోడలిని బల్ల మీద పడుకోబెట్టి, తాను పక్కన కూలబడింది. "దండం పెడ్త బిడ్డా, సూది ఎయ్యి. నువ్వుండంగ ఇంకో డాక్టర్ దగ్గరికి పోను."

చూశారా, ముచ్చటకు ఆడిన అబద్ధం ఎక్కడికి తెచ్చిందో! నాలుగేళ్లుగా దుకాణం మెట్ల మీద ఎవరికీ కీడు చేయని మాట, ఈవేళ నిండు గర్భిణి దారికి అడ్డంగా కూర్చుంది. సౌమ్య 108కు ఫోన్ చేస్తే బండి దూరం పోయింది, గంట పైనే పడుతుందన్నారు. కమ్లీ కళ్లు మూసుకుని మూలుగుతోంది. నిఖిత ఒకసారి తండ్రి వైపు చూసింది. లేచి నిలబడింది. డప్పుల మోతలోనూ వినబడేటట్టు చెప్పింది.

"అవ్వా, నేను డాక్టర్‌ను కాదు."

వీరేశం చేతిలో గంటె ఆగిపోయింది. వరుసలో ఉన్నవాళ్లు తలలు తిప్పారు.

"మా బాపు ప్రేమకొద్దీ చెప్పిండు. నేను ఇని ఊకున్న. తప్పు నాదే. నేను డాక్టర్ పక్కన పనిజేసే అసిస్టెంటును. నాకు తెలిసింది చూస్త, తెల్వంది దాయ. నీ కోడలి పానం ఎంత ఆపదల ఉన్నదో నాకు తెలుసు. దాన్ని ఆపే మందు నా దగ్గర లేదు. అది దవాఖానల్నే ఉంటది. నీ కాళ్లు మొక్కుత, లేవు."

ముసలామె ఆ పిల్ల ముఖంలోకి చూసింది. అందరూ ఆమె తిడుతుందనే అనుకున్నారు.

"ఇంతమందిల తన ఇజ్జత్ తనే తీసుకున్నది. ఈ పిల్ల అబద్ధమెందుకు ఆడుతది?" అంది తనలో తాను. కోడలి భుజం పట్టుకుంది. "లేవే కమ్లీ, పోదాం."

వెంకట్రాం జీపు ఉంది సరే, దారేదీ? అటు వరుసగా ఆగిన లారీలు, ఇటు ఎనిమిది పొయ్యిలు. ఎవరు ఎవరికి చెప్పాలా అని అందరూ ఒకరినొకరు చూసుకుంటుండగానే వీరేశం కదిలాడు. భుజం మీది కండువా తీసి రెండు ముక్కలుగా చింపి, గుండిగ చెవులకు చుట్టాడు. "పట్టుండ్రి! తెలంగాణ ఎంత ముఖ్యమో ఆ తల్లి అంతే ముఖ్యం" అని అరిచాడు. నలుగురు యువకులు ఉరికారు. మండుతున్న కట్టెలను పక్కకు లాగారు, రాళ్లను దొర్లించారు. ఉడుకుతున్న పప్పు తొణికి వీరేశం పాదం మీద పడింది. ఆయన అబ్బా అని కూడా అనలేదు. రోడ్డు మీద దారి పడింది.

కమ్లీని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టుకుని నిఖిత వెనక కూర్చుంది. సాంబయ్య శిబిరం నుంచే ఫోను మీద ఫోను చేశాడు. పెద్ద దవాఖాన ఆపరేషన్ థియేటర్లో పనిచేసే జగదీష్ కూడా సంఘంలో మనిషే. బీపీ ఎంత, ఎన్నో నెల, ఏ లక్షణాలు అన్నీ ఫోనులోనే రాసుకున్నాడు. జీపు గేటు దాటుతుండగానే కమ్లీకి ఫిట్స్ మొదలయ్యాయి. స్ట్రెచర్ సిద్ధంగా ఉంది, అక్కడి డాక్టరమ్మ సిద్ధంగా ఉంది, మందు సిరంజిలో సిద్ధంగా ఉంది. సాయంత్రానికి ఆపరేషన్ అయింది. గుప్పెడంత ఆడపిల్ల, అయినా గట్టిగానే ఏడ్చింది.

"ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు. ఎవరు పంపారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అసిస్టెంటే మేడం" అన్నాడు జగదీష్. తనను ఒకరు ఆ పేరుతో చెప్పగా వినడం నిఖితకు అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఇల్లు చేరేసరికి తల్లి ఈశ్వరమ్మ గడపలోనే ఎదురైంది. "మీ బాపు నిన్నటి సంది ముద్ద ముట్టలేదు. దుకాణం తెరువలేదు" అంది.

వీరేశం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాలి మీద బొబ్బ లేచింది. నిఖిత కింద కూర్చుని, ఆ పాదం ఒడిలో పెట్టుకుని మందు రాసింది.

"నీ ఇజ్జత్ తీసిన గదా బాపు" అంది తల ఎత్తకుండానే.

వీరేశం బిడ్డ తల మీద చేయి పెట్టాడు. "నీ పని పేరుకు నాకు నోరు తిరుగలే బిడ్డా. మొదటిసారి నోరు తిరుగక డాక్టర్ అన్న. రెండోసారి ఆ మాట తియ్యగున్నదని అన్న. నువ్వు చేసేదేందో ఒక్కనాడన్న అడిగిననా? నిన్న కండ్లతోటి చూసిన" అన్నాడు. "ఇప్పుడు చెప్పు, ఆ పేరు ఏంది? నేర్చుకుంట."

తండ్రీ బిడ్డలు ఇద్దరూ ఏడ్చారు. ఈశ్వరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ, "ఏడ్పులు తర్వాత, ముందు ఉప్మా తినుండ్రి" అని కసిరింది.

తరువాతి శిబిరం చిట్యాలలో. శిబిరం మొదలయ్యే ముందు సాంబయ్య అందరినీ కూర్చోబెట్టాడు. నిఖిత తాను మొదటి మాట మింగిన సంగతి, ఇరవై మందికి చెప్పని సంగతి లేచి నిలబడి ఒప్పుకుంది. సాంబయ్య ఆమెను కూర్చోమని సైగ చేశాడు.

"మన యాసను సినిమాలల్ల ఎక్కిరిస్తే మనకు మండింది. మన మాట మనం తలెత్తుకొని మాట్లాడుకోవాలనే గదా రోడ్డెక్కినం? మరి మన పని పేరు చెప్పుకోను మనకే సిగ్గైతే ఎట్ల? డాక్టర్ గొప్పోడే, కాదన. కానీ పేదోడు డాక్టర్ దాకా పోయే దారిల నిలబడి చెయ్యి అందిచ్చేది మనం. గా జాగ ఖాళీగుంటే ఎంతమంది దారిల్నే పడిపోతరో మొన్న చూసినం. ఎవని పని వాడు, దాని సొంత పేరుతోటి, సిగ్గుపడకుంట చేస్తే అదే సేవ" అన్నాడు.

దసరా వచ్చింది, పోయింది. నిఖిత పని మానలేదు. మానడమనే మాటే మరచిపోయింది.

ఇంతకీ చిట్యాలకు వీరేశం సేటు కూడా వచ్చాడు. కాలికి కట్టుతోనే వచ్చి, టెంటు ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవారి పేర్లు రాసే పని పెట్టుకున్నాడు. ఒక రైతు చేతిలో రుమాలు నలుపుతూ వచ్చి, "డాక్టర్ ఉన్నడా సేటూ?" అని అడిగాడు.

వీరేశం కలం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"డాక్టర్ లేడన్నా. అసిస్టెంట్లు ఉన్నరు. వీళ్లకు తెలిసింది చూస్తరు, తెల్వంది దాయరు, అవసరముంటే డాక్టర్ దాకా నీ చెయ్యి పట్టుకొని తోలుకపోతరు. అగో, ఆ చివరి బల్ల కాడికి పో. ఆమె నా బిడ్డ, నిఖిత. అసిస్టెంటు."

ఆ చివరి మాటను ఆయన డాక్టర్ అన్నప్పటికంటే గట్టిగా అన్నాడు.