రెండో సెగ

ఆ కొలిమిలో ఒక కట్టుబాటు ఉంది. ఎడమ బల్ల మీద పచ్చి సరుకు, కుడి బల్ల మీద పూర్తయిన సరుకు. కుడి బల్ల మీదున్నది ఎవరైనా అడక్కుండా తీసుకుపోవచ్చు. ఆ నియమం పెట్టింది కొలిమి నడిపే అక్క. తప్పిందీ ఆ మహాతల్లే.

పొద్దున ఎడమ బల్ల కాలు విరిగింది. అప్పుడే నీళ్లలో ముంచి తీసిన రెండు ఉక్కు కొక్కేలను, ఒక్క నిమిషమే కదా అనుకుని కుడి బల్ల మీద పెట్టి, బొగ్గులు తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. తమ్ముడు పట్టుకుపోయాడు. వాడు ఎత్తయిన మేడలకు రంగులేస్తాడు, తాళ్లతో వేలాడే చెక్క మీద కూర్చుని. ఆ చెక్కను మోసేవి ఈ కొక్కేలే.

ఎర్రగా కాగిన ఉక్కులో ఇనుప పరమాణువుల మధ్య బొగ్గు పరమాణువులు హాయిగా తిరుగుతుంటాయి. గబుక్కున నీళ్లలో ముంచితే ఎక్కడివక్కడే ఇరుక్కుపోతాయి, కిక్కిరిసిన బస్సులో జనంలా. ఇక ఇనుప పరమాణువుల్లో ఏ వరసా పక్కకు జరగదు. అందుకే ఆ ఉక్కు ఆకురాయికి కూడా లొంగదు. అందుకే దెబ్బ తగిలితే వంగడం చేతకాక పుటుక్కున విరుగుతుంది కూడా. సన్నటి సెగ మీద మళ్లీ కాస్తే కొన్ని బొగ్గు పరమాణువులు బయటపడి, బిగువు సడలి, ఉక్కుకు కాస్త ఓర్పు వస్తుంది. ఆ రెండో సెగ ఈ కొక్కేలకు తగల్లేదు.

అక్క ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. చెప్పులైనా వేసుకోకుండా పరుగందుకుంది. దారి పొడవునా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

తమ్ముడు తాను రంగులేస్తున్న మేడ మెట్ల మీద బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

"తిట్టకే అక్కా! పైకి తీసుకెళ్తుంటే ఒకటి చెయ్యి జారింది. మెట్టు మీద పడి రెండు ముక్కలైంది. నువ్వు తిడతావనే ఫోన్ ఎత్తలేదు."

చిన్నప్పటి నుంచీ వాడి చేతిలో ఏ వస్తువూ నిలవదు. ఇంట్లో పగలని గ్లాసు లేదు. చేజారుడు అని పేరు పెట్టి, ఇరవై ఏళ్లుగా వాణ్ని దెప్పుతున్నదీ అక్కే.

వీపు మీద ఒక్కటి చరిచి, వాణ్ని వాటేసుకుని బావురుమంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఏంటే, కొక్కెం విరిగితే ఇంత ఏడుపా?"

"పోతే పోయింది వెధవ కొక్కెం! నువ్వున్నావు, చాలు."

జరిగిందంతా చెప్పేసింది. వాడు రెండో కొక్కెం తీసి అక్క చేతిలో పెట్టేశాడు.

మధ్యాహ్నం కొత్త జత చేసింది. నీళ్లలో ముంచి, రుద్ది, మళ్లీ సన్నటి సెగ మీద పెట్టి, ఉక్కుకు ఓర్పు వచ్చిందని చెప్పే నీలిరంగు తిరిగేదాకా కదల్లేదు. చల్లారాక తమ్ముడి చేతికిచ్చింది.

"కింద పడెయ్."

"నిజంగానా?"

"గట్టిగా పడెయ్."

కొక్కెం ఖంగుమని రాతి మీద పడి ఎగిరింది. చిన్న చీలికైనా లేదు. ఇద్దరికీ నవ్వాగలేదు.

ఆ రోజు నుంచి కొలిమిలో కట్టుబాటు మారింది. ఏ కొక్కెమైనా సరే, చేజారుడి చెయ్యి జారాకే కుడి బల్ల ఎక్కాలి.