ప్రిన్స్ మొదటి జీతం

ఇసబెల్లా ఇంటి పత్రాలున్న సంచిని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో అదిమి పట్టుకుని బెంగళూరుకు పోయే మారికుప్పం రైల్లో కూర్చుంది. పక్కన కూతురు నాన్సీ. పిల్లకు విమానం నడిపే లైసెన్సు వచ్చి ఏడాది దాటింది, ఉద్యోగం మాత్రం అతీగతీ లేదు. పెద్ద కంపెనీలు పిలవాలంటే మధ్యలో బ్రిడ్జి కోర్సని ఒకటి చేయాలట. జెట్ విమానం ఎట్లా నడపాలో నేలమీదే, గదిలో కూర్చోబెట్టి నేర్పుతారట. దానికి వాళ్లడిగే సొమ్ము వింటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా కళ్లు తిరుగుతాయి!

లైసెన్సుకే క్యాసంబళ్ళిలో ఉన్న మామిడితోట కరిగిపోయింది. ఇక మిగిలింది ఇల్లొకటే. బంగారు గని మూసేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఇసబెల్లా మొగుడు జెరోమ్ కొన్న ఇల్లు. ఆయన పోయాడు. ఆ ఇల్లూ తాకట్టులో మునిగితే తల్లీకూతుళ్లకు తల దాచుకునే చోటు లేదు.

అయినా బయలుదేరిందంటే పక్కింటి క్యాథరిన్ కొడుకు ప్రిన్స్‌ని చూసుకునే. వాడూ అదే కోర్సు చేశాడు. వాళ్ల చర్చిలో ఒక పద్ధతుంది. బిడ్డకు ఉద్యోగం వస్తే మొదటి నెల జీతం పైసా ముట్టకుండా కవర్లో పెట్టి దేవుడికిచ్చేస్తారు. తాతలు గనిలో దిగిన కాలం నుంచీ అంతే. పోయిన ఈస్టరుకు క్యాథరిన్ కవరు పట్టుకుని ముందుకు నడిచింది. వెనకే ప్రిన్స్, తెల్లచొక్కా, భుజాల మీద బంగారు గీతలు. "ప్రిన్స్ మొదటి జీతం" అని పాస్టరయ్య చదవగానే చర్చంతా లేచి ఆమెన్ అంది. ఇక ఎవరడుగుతారండీ, ఏ కంపెనీ, ఏ విమానం అని? దేవుడి ముందు పెట్టిన జీతాన్ని నిలదీసే మొహం ఎవరికుంది? ఆ సాయంత్రమే క్యాథరిన్ వచ్చి ఇసబెల్లా చేతులు పట్టుకుంది. "నాన్సీనీ ఆడనే చేర్పించు. కళ్లు మూసుకోని కట్టేయి" అంది.

బెంగళూరులో ఆ శిక్షణ సంస్థ అద్దాల మేడలో ఉంది. ముందు గదిలో కూర్చున్న అమ్మాయి కాఫీ ఇచ్చింది, నవ్వింది, ఉద్యోగం ఖాయమా అని అడిగితే మాత్రం "అవకాశాలు బాగా పెరుగుతాయి మేడమ్" అని ఊరుకుంది. కట్టేముందు శిక్షణ గది చూడండి, మా సారు చూపిస్తారు అని తలుపు తీసింది.

లోపల విమానం ముక్కులాంటి పెట్టె ఉంది. దాంట్లో వంగి సీటు తుడుస్తున్న సారు వెనక్కి తిరిగాడు. అదే తెల్లచొక్కా, అవే బంగారు గీతలు.

"ప్రిన్సూ!" అంది ఇసబెల్లా. "నువ్వు ఈడున్నావేమప్పా? ఈ పొద్దు ఫ్లైటు లేదా?"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ అమ్మాయి ఫోను మోగి బయటికి వెళ్లేదాకా నోరు విప్పలేదు.

"నాకు ఏ పొద్దూ ఫ్లైటు లేదాంటీ. కంపెనీ పరీక్షకు పిలిచినారు, ఫెయిలైనాను. మళ్లా ఎవురూ పిలవలేదు. వీళ్లేమో ఈడనే ఉండి కొత్తోళ్లకు చూపించు, జీతమిస్తామన్నారు."

"మరి చర్చిలో పెట్టిన జీతం?"

"ఇదే ఆంటీ. ఇదీ జీతమే కదా."

ఇసబెల్లా అక్కడే మెట్టు మీద కూలబడింది. దేవుడా! ఊరంతా లేచి నిలబడి ఆమెన్ అన్నది ఈ సీటు తుడిచే కొలువుకా? వాడి చెంప పగలగొట్టాలనిపించింది. వాడి కళ్లు చూసి చెయ్యి లేవలేదు.

"నిజం చెప్పు. నాన్సీ చేరాల్నా, వద్దా?"

"నేర్పేది బాగానే నేర్పిస్తారాంటీ, దాంట్లో మోసం లేదు. కానీ పరీక్ష పెట్టేది కంపెనీ. కట్టి పాసైనోళ్లు ఉండారు, కట్టకుండా పాసైనోళ్లూ ఉండారు. మిగిలిన డబ్బుంటే చేరచ్చు. ఇల్లు పెట్టి మాత్రం వద్దు." గొంతు తగ్గించాడు. "ఆంటీ, మా అమ్మ..." ఇంతలో ఆ అమ్మాయి తిరిగొచ్చింది. వాడు గబుక్కున నోరు మూసుకున్నాడు.

తిరుగు రైల్లో నాన్సీ ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "నేను కట్టనమ్మా. పిలుపు వస్తే సొంతంగా చదివి రాస్తా. ఫెయిలైతే ఫెయిలైతాను" అంది. ఇసబెల్లాకు కూతురి బాధతోపాటు క్యాథరిన్ బాధ కూడా మీదపడింది. కొడుకు ఆకాశంలో ఉన్నాడనుకుంటోంది ఆ పిచ్చితల్లి. ఈ మాట చెవిన పడితే బతుకుతుందా? వాడు అమ్మ అంటూ ఆగింది చెప్పొద్దని బతిమాలడానికే అయ్యుంటుంది. చెప్పకూడదు, ఏం చేసైనా చెప్పకూడదు అని దారి పొడుగునా మనసు గట్టి చేసుకుంది.

క్యాథరిన్ వాకిట్లోనే కాచుకుని ఉంది. "కట్టేసినారా?"

"లేదక్కా. ఇంగొంచెం ఆలోచన చేస్తాము."

"అయ్యో నా కర్మ!" క్యాథరిన్ తల బాదుకుంది. "వాడు కనపడినాడా మీకు? ఈ పొద్దు లీవు పెట్టరా, ఆంటీ వాళ్లు వస్తా ఉండారు అని ఎంత మొత్తుకుంటినే!"

ఇసబెల్లా తలెత్తి చూసింది. "నీకు తెలుసా అక్కా?"

"కన్నతల్లికి తెలీకుండా ఉంటాదా?"

"తెలిసీ కవరు పట్టుకోని పోయినావా? తెలిసీ నన్ను ఆడికి తోలినావా?"

క్యాథరిన్ తల దించుకోలేదు. అదే ఘోరం. "కొత్తోళ్లను చేర్పిస్తే వాడికి ఊరికే మళ్లా నేర్పించి పరీక్షకు పంపిస్తారంట. మన చర్చి చిన్నన్న కొడుకు చేరినాడు. నాన్సీ ఒకతి చేరుంటే సరిపోయుండు."

"నా ఇల్లు పొయ్యుండు కదక్కా! జెరోమ్ ఇల్లు!"

"నాదీ పోయింది, ఇసబెల్లా. అమ్మేసి, ఆ ఇంట్లోనే బాడుగకుండాము. ఎవురికీ చెప్పుకోలేదు." క్యాథరిన్ దగ్గరికొచ్చి, చిన్నపిల్లను ఊరడించినట్టు ఆమె భుజం నిమిరింది. "ఒకవేళ నాన్సీకి రాకపోయినా దిగులెందుకే? తర్వాత మన నాన్సీకీ ఆడ చేర్పించేదానికి ఎవురో ఒకరు దొరుకుతారు. చర్చిలో ఇంగా ఎంతమంది పిల్లలుండారు!"

ఆ మాట క్యాథరిన్ ప్రేమతోనే అంది. అది తెలుస్తూనే ఉంది ఇసబెల్లాకు, అందుకే ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ ఆమె పత్రాల సంచిని అదిమి పట్టుకునే ఉంది.