బల్ల మీద రవ్వ

ఆండాలు దువ్వెనను బొచ్చుకు ఎదురుగా నడుపుతోంది. పొమేరియన్‌ను అలాగే దువ్వాలి, బొచ్చు లేచి నిలిస్తేనే ఆ బొద్దు రూపం వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉపేంద్ర నడిపే కుక్కల దుకాణంలో కడగడం, దువ్వడం, గోళ్లు తీయడం ఆమె పని. వచ్చేవాళ్లు తమ కుక్కలను ముద్దుపేర్లతో పిలుచుకుంటారు. ఆమె పేరు మాత్రం ఎవరూ అడగరు.

గోధుమరవ్వ రంగుదని ఈ పొమేరియన్‌కు రవ్వ అని పేరు పెట్టింది ఆమే. పుట్టగానే తల్లి కుక్క దగ్గరికి రానివ్వకపోతే ఉపేంద్ర ఆ పిల్లను ఎల్‌బీ నగర్‌లోని ఆమె కిరాయి గదికి పంపాడు. చుక్క చుక్కగా పాలు పట్టి బతికించుకుంది. భర్త పోయాక ఆ గదిలో మళ్లీ మాటలు వినబడింది అప్పుడే.

"ఇయ్యాల కుక్కల పోటీల గెలిస్తే బెంగళూరాయన కొనుక్కపోతడక్కా. ఓడితే నీ తాన్నే ఉంచుకో," అన్నాడు ఉపేంద్ర. మంచివాడే, కానీ వ్యాపారి.

ఓడించడం ఎంతసేపు? తోక దగ్గర బొచ్చు కాస్త ఎక్కువ తీసేస్తే చాలు. కత్తెర అక్కడిదాకా పోయింది కూడా. కానీ రవ్వకు వంక ఉందని నలుగురిలో ఎవరైనా అంటే తను తట్టుకోలేదు. కత్తెర పక్కన పెట్టేసింది.

పోటీ ఎల్‌బీ నగర్‌లోనే, ఒక ఫంక్షన్ హాల్లో. ఇలాంటి చిన్న జాతి కుక్కలను బల్ల ఎక్కించి చూస్తారు. జడ్జి పక్క కుక్కతో పోల్చడు, ఆ జాతి ఎలా ఉండాలో రాసిపెట్టిన లక్షణాలతో పోలుస్తాడు. పళ్లు చూశాడు, చెవులు చూశాడు, బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి ఎముకలు తడిమాడు. అయినా ఇప్పుడు మాత్రం, కాళ్లు జర పొడుగున్నయని ఆయన అంటే బాగుండునని ఆండాలు దేవుడికి మొక్కుకుంది.

"కొత్తవాళ్లు ముట్టుకున్నా బెదరట్లేదే. ఎవరు నేర్పారండీ?" అన్నాడు జడ్జి.

"మా అక్కనే సార్," అన్నాడు ఉపేంద్ర.

నిజమే. ఇంట్లో కుట్టుమిషను మీద నిలబెట్టి, పాలాయనను, వాచ్‌మన్‌ను, పైవాటా సుమిత్రమ్మను, ఎవరు కనబడితే వాళ్లను తాకమని బతిమాలేది. "నిలబడు రవ్వ, ఏం జెయ్యరు," అంటూ పక్కనే ఉండేది.

రవ్వ గెలిచింది.

బెంగళూరాయన కారు దగ్గర చేతులు చాపాడు. ఒక్కసారి కుయ్యిమన్నా చాలు, ఉపేంద్ర కాళ్లు పట్టుకునైనా ఆపుదామని ఆండాలు గట్టిగా అనుకుంది. రవ్వ కుయ్యిమనలేదు. మెడ ఎత్తి, తోక వీపు మీదికి వాల్చి, పరాయి చేతుల్లో కదలకుండా ఉంది, అచ్చం ఆమె నేర్పినట్టే. కారు వెళ్లిపోయింది. ఆండాలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడ్వకక్కా, ఇంకో పిల్లనిస్త," అన్నాడు ఉపేంద్ర.

"వద్దు తమ్మీ," అంది.

గదికి వచ్చి తాళం తీసింది. అలవాటుగా కాలు ఎత్తి దాటి లోపలికి వెళ్లింది. దాటాక గాని తను దేన్ని దాటిందో గుర్తు రాలేదు. రవ్వ బయటికి పోకుండా పెట్టిన అట్టముక్క, అంచు పొడుగునా చిన్న చిన్న పంటిగాట్లతో, గడపకు అడ్డంగా అలాగే ఉంది.